బెల్లం పెడితే అండవాహికలో చక్కెర పెరుగుతుందా? మూడుసార్లు సూది వేయించినా చూడి కట్టని ఆవు గురించి

ఒడిశా–ఆంధ్ర సరిహద్దులోని కాశీనగరం దగ్గరి పల్లె నుంచి ఒక రైతు అడిగారు. సంకర జెర్సీ ఆవు, రెండో ఈత, ఈని అయిదు నెలలైంది. పూటకు నాలుగు లీటర్లు ఇస్తోంది. మూడుసార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించారు. మొదటిసారి 21 రోజులకు, రెండోసారి 22 రోజులకు తిరిగింది, అంటే మళ్ళీ ఎదకు వచ్చింది. మూడోదాని తర్వాత 43వ రోజున మళ్ళీ అరిచింది, ఈసారి విసుగొచ్చి వేయించలేదు. ప్రతిసారీ తెల్లవారుజామున అరుపు వినగానే ఫోను చేసి ఎనిమిది గంటల లోపే పని ముగించారట. అండవాహిక గోడల మీద చక్కెర అణువులుంటాయనీ, వీర్యకణాలను నిలిపి ఉంచేవి అవేననీ ఎవరో వీడియో చూపించారు. అది చూసి రోజుకు అరకిలో బెల్లం మొదలుపెట్టారు. అడిగినవి మూడు: బెల్లంతో ఆ చక్కెర పెరుగుతుందా? అది తక్కువైందని తేల్చే పరీక్ష ఉందా? మనుషుల్లోనూ ఇంతేనా?

పెరగదు. వీడియోలో చెప్పిన చక్కెర నిజమే, దాని పనీ నిజమే. కానీ అది తినే చక్కెర కాదు, రక్తంలో తిరిగే చక్కెరా కాదు. మేతతో దాన్ని పెంచే మార్గం లేదు, పశువైద్యశాలలో కొలిచే పరీక్షా లేదు. మీ చేతిలో ఉన్నది వేరే ఉంది: ఆ చక్కెరను పట్టుకోగల స్థితిలో వీర్యకణాలను, సరైన గంటకు అక్కడికి చేర్చడం. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే నా మొదటి అనుమానం సూది వేసిన గంట మీదే. అరకిలో బెల్లం ఈరోజే ఆపండి, ఎందుకో కింద చెబుతాను.

ముందు ఆ చక్కెర సంగతి. ఆవు అండవాహిక రెండు పక్కలా ఒక్కోటి సుమారు 20–25 సెంటీమీటర్ల పొడవుండే సన్నని గొట్టం. గర్భాశయ కొమ్ము చివర మొదలై అండాశయం దాకా మెలికలు తిరుగుతూ పోతుంది. గర్భాశయం వైపు సగం ఇరుకు, అండాశయం వైపు సగం వెడల్పు. లోపలి గోడ నున్నగా ఉండదు, మడతలు మడతలుగా ఉంటుంది. ఆ మడతల మీద కణాలు, చాలా కణాలకు నూగు. ఆ కణాల పైపొరలోని ప్రోటీన్లకు, కొవ్వులకు చిన్న చిన్న చక్కెర గొలుసులు అతికి ఉంటాయి. వాటినే గ్లైకాన్లంటారు. చీరకు అంచు కుట్టినట్టు అవి కణానికి కుట్టేసి ఉంటాయి. నీళ్ళలో కరిగి తియ్యగా తగిలే చక్కెర కాదది.

సూదిలో వేసిన ఒక స్ట్రాలో (గడ్డకట్టించిన వీర్యం నింపిన సన్నని గొట్టంలో) సుమారు 2 కోట్ల వీర్యకణాలుంటాయి. అండవాహిక దాకా చేరేవి కొన్ని వేలు మాత్రమే. చేరినవి నేరుగా అండం దగ్గరికి పరుగెత్తవు. ఇరుకు భాగంలో గోడకు తల ఆనించి అతుక్కుపోతాయి, తోక మెల్లగా ఆడుతుంటుంది. అక్కడే అండం విడుదలయ్యేదాకా ఆగుతాయి. గోడకు అతుక్కున్న కణం తొందరగా చచ్చిపోదు. దాని లోపలి కాల్షియం తక్కువగానే ఉండి, పక్వం కావడం (అండంలోకి చొచ్చుకుపోయే స్థితికి రావడం) ఆలస్యమవుతుంది. ప్రయోగశాలలో అండవాహిక కణాల పొర మీద ఉంచిన ఎద్దు వీర్యకణాలు 30 గంటల దాకా అండాన్ని ఫలదీకరించగలిగాయి. వాటిని ఒంటరిగా ద్రవంలో వదిలేస్తే అంతసేపు నిలవవు.

ఈ అతుకుడు దేని వల్ల అన్న ప్రశ్నకు ఆవుల్లో జవాబు 1997లో వచ్చింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో సూసన్ స్వారెజ్ బృందం ఎద్దు వీర్యకణాలు అండవాహిక గోడ మీది ఫ్యూకోజ్ అనే చక్కెరను గుర్తుపట్టి పట్టుకుంటాయని చూపించింది. ఆ తర్వాత ఫ్యూకోజ్ ఉన్న మూడు చక్కెరల గొలుసు, లూయిస్‑ఎ అనేది, ఈ పనికి సరిగ్గా సరిపోతుందని తేలింది. 2019లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మిల్లర్ బృందం ఇంకో మెట్టు దిగింది: ఆ గొలుసుకు సల్ఫేటు కూడా తగిలి ఉన్న రూపాన్ని ఎద్దు వీర్యకణాలు గట్టిగా పట్టుకుంటాయి, అలా పట్టుకున్న కణాలు ఎక్కువ సేపు బతుకుతాయి.

వీర్యకణం వైపు చెయ్యి ఏది? ఎద్దు వీర్యద్రవంలో బీఎస్‌పీ అనే ప్రోటీన్ల కుటుంబం ఉంది. వీర్యం బయటికి వచ్చేటప్పుడు అవి కణం తలకు పూతలా అంటుకుంటాయి. గోడను పట్టుకునేది ఆ పూతే. కణం పక్వమైనప్పుడు ఈ పూత సడలిపోతుంది, పట్టు వదిలిపోతుంది. అండం విడుదలయ్యే వేళకు అండాశయం నుంచి వచ్చే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను కూడా ఈ వదలడానికి తోడ్పడుతుంది, తోక కొరడాలా కొట్టుకోవడం మొదలవుతుంది. అన్నీ ఒకేసారి వదలవు, కొన్ని కొన్నిగా బయల్దేరతాయి. ఒక అండం మీద పది కణాలు పడకుండా ఉండటానికి ఇదీ ఒక కారణం.

ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా గమనించండి. జంతువును బట్టి ఈ చక్కెర మారుతుంది. గుర్రంలో గాలక్టోజ్, హామ్‌స్టర్‌లో సియాలిక్ ఆమ్లం. పందిలో సియాలిక్ ఆమ్లం తగిలిన కొమ్మల గొలుసు, సల్ఫేటు ఉన్న లూయిస్‑ఎక్స్. అందుకే పంది మీద చేసిన పరిశోధన వీడియో చూసి ఆవుకు మందు ఊహించకూడదు.

ఇక బెల్లం. ఆవు మనలాగా చక్కెర జీర్ణం చేసుకోదు. బెల్లం మొదటి పొట్టలో పడగానే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ఆమ్లాలుగా మార్చేస్తాయి. పేగు దాకా చక్కెరగా చేరేది దాదాపు ఉండదు. ఆవు తనకు కావలసిన గ్లూకోజును ఆ ఆమ్లాల్లో ఒకటైన ప్రొపియోనిక్ ఆమ్లం నుంచి కాలేయంలో తయారు చేసుకుంటుంది. గోడ మీది ఫ్యూకోజ్ అయితే కణం లోపలే, ఎంజైములు వరుసగా పనిచేసి, ఎక్కువగా మానోజ్ రూపం నుంచి తయారవుతుంది. ఎంత తయారవ్వాలన్నది కణం నిర్ణయం, బెల్లం అచ్చు నిర్ణయం కాదు. అరకిలో రోజూ పెడితే పొట్టలో పులుపు పెరగొచ్చు: మేత తగ్గొచ్చు, పేడ పల్చబడొచ్చు. మేతలో రుచికి 100 గ్రాములు కలిపితే నష్టం లేదు. దానివల్ల చూడి కడుతుందని మాత్రం పెట్టకండి.

ఇంకో పెద్ద పొరపాటు: సూది రోజున గర్భాశయంలోకి గ్లూకోజు ఎక్కించడం. సరిహద్దు పల్లెల్లో రెండు పక్కలా ఈ మాట వినబడుతోంది, చక్కెర మంచిదన్నారు కదా అని. 25 శాతం, 50 శాతం గ్లూకోజు ద్రావణం శరీర ద్రవం కన్నా చాలా చిక్కన, వీర్యకణంలోని నీటిని లాగేసి దాన్ని చంపుతుంది. చిక్కటి గ్లూకోజును గర్భాశయ వాపుకు మందుగా వాడి చూసిన పశువైద్యులున్నారు, ఆ వాడకం వేరు, ఆ రోజు వేరు. పైగా ఎద్దు వీర్యకణాల విషయంలో గ్లూకోజు ఇంకోలా అడ్డు వస్తుంది: అవి పక్వం కావడాన్ని ఆపుతుంది. అందుకే ప్రయోగశాలలో ఆవు అండాలను ఫలదీకరించడానికి వాడే ద్రవంలో గ్లూకోజు వేయరు, బదులు లాక్టేటు, పైరువేటు వేస్తారు. అండవాహికకు కావలసింది తీపి కాదన్నది ఇక్కడే అర్థమవుతుంది.

మరి మీ ఆవు ఎందుకు తిరుగుతోంది? 21, 22 రోజులకు తిరగడం ఒక ఆధారం. ఎద చక్రం సరిగా నడుస్తోంది, అండాశయం పని చేస్తోంది. అంటే అండం ఫలదీకరణ కానే లేదు, లేదా అయిన పిండం మొదటి రెండు వారాల్లోనే పోయింది. 43 రోజులు అన్నది రెండు చక్రాలకు సమానం, కాబట్టి మధ్యలో ఒక ఎద మీ కంట పడకుండా పోయి ఉండొచ్చు. లేదా పిండం కాస్త పెరిగి పోయి ఉండొచ్చు. ఈ రెండింటిలో ఏదన్నది ఇప్పుడు తేలదు, తేల్చనక్కర్లేదు కూడా.

ఇప్పుడు గంటల లెక్క, మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. ఆవు ఎద సాధారణంగా 12 నుంచి 18 గంటలు. ఎద ముగిశాక 10 నుంచి 14 గంటలకు అండం విడుదలవుతుంది. విడుదలైన అండానికి ఆయుష్షు 6 నుంచి 12 గంటలే, ముందు గంటల్లోనే అది మేలైనది. వేసిన వీర్యకణాలు ఇరుకు భాగంలో తగినన్ని చేరి అతుక్కోవడానికి కూడా 6 నుంచి 12 గంటలు పడుతుంది. ఇంకా ఒకటుంది: గడ్డకట్టించి కరిగించిన వీర్యకణం తాజా కణమంత మొండిది కాదు. చలికి, కరగడానికి దాని పైపొర దెబ్బతిని, కొన్ని కణాలు సగం పక్వమైపోయినట్టే ప్రవర్తిస్తాయి. పక్వమైన కణానికి గోడ మీది చక్కెరను పట్టుకునే పూత సడలి ఉంటుంది. కాబట్టి ఎద్దు దాటిన కణాలు గోడకు అంటుకుని ఆగినంతసేపు స్ట్రా కణాలు ఆగవు. వాటి ఆయుష్షు 12 నుంచి 24 గంటలు అనుకుని లెక్క వేసుకోవాలి.

ఇది మీ ఆవుకు వేసి చూద్దాం. ఎద నిజంగా తెల్లారి 5 గంటలకు మొదలైంది, 16 గంటలు నడిచింది అనుకోండి. రాత్రి 9కి ముగుస్తుంది. అండం మర్నాడు ఉదయం 7 నుంచి 11 మధ్య వస్తుంది. మీరు 8 గంటలకే సూది వేయించారు. అండం వచ్చేసరికి కణాలకు 23 నుంచి 27 గంటల వయసు, పట్టు వదిలి పోయినవే ఎక్కువ. అదే సాయంత్రం 5 గంటలకు వేయించి ఉంటే, అర్ధరాత్రి దాటేసరికి అవి గోడకు అతుక్కుని ఉంటాయి, అండం వచ్చే వేళకు 14–18 గంటల వయసుతో సిద్ధంగా ఉంటాయి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున అన్న పాత నియమం ఈ చక్కెర పట్టు గురించి ఎవరికీ తెలియకముందే పుట్టింది, దాని వెనక ఉన్న కారణం మాత్రం ఇదే.

అయితే ఒక జాగ్రత్త. అరుపు తెల్లారి వినిపించింది అంటే ఎద తెల్లారే మొదలైందని కాదు. రాత్రి 10కే మొదలై మీరు నిద్రలో ఉండి ఉండొచ్చు. అప్పుడు 8 గంటలకు వేసిన సూది సరైన గంటకే పడినట్టు. అందుకే అరుపు ఒక్కదాన్ని నమ్మకూడదు. మంద ఉంటే ఇంకో ఆవు మీదెక్కినా కదలకుండా నిలబడటం అసలు గుర్తు. మీకు ఒకటే ఆవుంటే జిగురు చూడండి. ఎద మొదట్లో అది పల్చగా నీళ్ళలా ఉంటుంది. నడిమధ్యలో గుడ్డు తెల్లసొనలా స్వచ్ఛంగా, తోక దగ్గర నుంచి నేల దాకా తెగకుండా తీగలా వేలాడుతుంది. చివర్లో చిక్కబడి, మసకగా, తెగిపోతుంటుంది. రెండు వేళ్ళ మధ్య పట్టి సాగదీసి చూడండి. తీగ బాగా సాగే దశ దాటి చిక్కబడటం మొదలయ్యే సమయం సూదికి మంచిది. రెండు రోజులకు తోకకు కాస్త ఎర్రగా కనిపిస్తే కంగారు పడకండి. ఎద అయిపోయిందన్న గుర్తే అది, చూడి కట్టిందనీ కాదు, కట్టలేదనీ కాదు. ఆ ఎరుపు కనిపించాక సూది వేయించడం మాత్రం దండగ.

గేదెల వాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి: గేదె మూగ ఎదకు వస్తుంది. అరుపు తక్కువ, ఎక్కడం తక్కువ. మాటిమాటికి మూత్రం, పాలు చేపకపోవడం, మానం వాపు చూసుకోవాలి. వేసవిలో ఇంకా మసకబారుతుంది. కొరాపుట్ కొండల మండ గేదెలైనా, కలహండి గేదెలైనా, ముర్రా సంకరాలైనా రాత్రి 10కి, తెల్లారి 5కి ఒకసారి టార్చి పట్టుకుని చూడక తప్పదు.

సూది చేతిలో జరిగే తప్పులు. ఇది మీ చేతిలో లేదు, కానీ మీ కళ్ళ ముందే జరుగుతుంది, చూసి అడగండి. స్ట్రా ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటుంది. డబ్బాలోంచి ఎత్తి మెడ దగ్గర పట్టుకుని వెతుకుతూ కూర్చుంటే లోపలి మిగతా స్ట్రాలన్నీ దెబ్బతింటాయి. అయిదారు సెకన్లలో తీయాలి, దొరక్కపోతే మళ్ళీ కిందికి దించి ఎత్తాలి. తీసినదాన్ని ఒక్క కుదుపుతో విదిలించి, 37 డిగ్రీల నీళ్ళలో 30 సెకన్లు ఉంచాలి. థర్మామీటరు ఉండాలి, వేలు పెట్టి అంచనా వేయడం కాదు. చంకలో కరిగించడం, జేబులో కరిగించడం, బావి నీళ్ళలో వేయడం అన్నీ తప్పే. చాలామంది అనుకునేదానికి విరుద్ధంగా, నెమ్మదిగా కరిగితేనే కణం ఎక్కువ దెబ్బతింటుంది: మధ్యలో చిన్న మంచు స్ఫటికాలు మళ్ళీ పెద్దవై పైపొరను చీలుస్తాయి.

కరిగాక తడి పూర్తిగా తుడవాలి. ఒక చుక్క నీరు లోపలికి పోయినా కణాలు ఉబ్బి చస్తాయి. నిలువుగా కాక అడ్డంగా సరిగ్గా కత్తిరించాలి, వంకరగా కోస్తే సూది వేసే గన్ను మీది ప్లాస్టిక్ తొడుగులో (షీతులో) అమరక వీర్యం వెనక్కి కారుతుంది. పది, పదిహేను నిమిషాల లోపు ఆవులో పడాలి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాములో కొరాపుట్, పాడువా వైపు చలికి లోహపు గన్ను చల్లబడి ఉంటుంది, వెచ్చటి స్ట్రాను అందులో పెడితే మళ్ళీ చలిదెబ్బ. గన్నును చేత్తో రుద్దో, చొక్కా లోపల పెట్టుకునో వేడెక్కించి ఆ తర్వాతే స్ట్రా పెట్టాలి. అన్నింటికన్నా చెడ్డ అలవాటు, ఉదయమే నాలుగు స్ట్రాలు కరిగించి ఐసు ఉన్న థర్మాసులో వేసుకుని మూడు ఊళ్ళు తిరగడం. ఆ కణాలు సూక్ష్మదర్శిని కింద కొన్ని కదులుతూ కనిపించొచ్చు. కదలడం వేరు, గోడను పట్టుకోవడం వేరు. పట్టుకునే పూత పోయిన కణం ఎంత ఈదినా అండం వచ్చేదాకా ఆగలేదు.

వేసే చోటు కూడా ముఖ్యం. గర్భాశయ ముఖద్వారం దాటగానే, గర్భాశయ దేహంలో, అయిదు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా వదలాలి. ద్వారంలోనే వదిలితే సగం జిగురుతో బయటికొస్తుంది. లోపలికి తోసేస్తే ఒక కొమ్ములోకే పోతుంది, గోడకు గాయం కూడా. అండం రెండో పక్క నుంచి వస్తే ఆ పక్క అండవాహికకు చేరేవి తగ్గిపోతాయి.

పోయిన మూడుసార్లూ ఏ ఎద్దు వీర్యం పడింది? స్ట్రా మీద ఎద్దు నంబరు, తయారీ వివరం ముద్రించి ఉంటాయి. ఖాళీ స్ట్రా అడిగి తీసుకుని దాచండి. మూడుసార్లూ ఒకే నంబరైతే మార్చమనండి. మీ వైపు పల్లెల్లో ఒకసారి ఒడిశా లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరు, ఇంకోసారి ఆంధ్రా వైపు గోపాలమిత్ర వేయడం మామూలే, ఒకరి కాగితం ఒకరి దగ్గర ఉండదు. ఆవు చెవికున్న 12 అంకెల పోగు నంబరుతో రెండు వైపులా నమోదు చేయించండి, లేదంటే మీరే నోటుబుక్కులో తేదీ, గంట, ఎద్దు నంబరు రాసుకోండి.

పరీక్షల గురించి. గోడ మీది చక్కెరను చూడాలంటే వధించిన పశువు అండవాహికను ప్రయోగశాలలో పెట్టాల్సిందే. బతికున్న ఆవులో ఎవరైనా "చక్కెర పరీక్ష" చేస్తానంటే డబ్బులివ్వకండి. చేయగలిగినవి ఇవి. ఎద రోజున జిగురు తీసుకుని వైట్‌సైడ్ పరీక్ష: జిగురు, 10 శాతం సోడియం హైడ్రాక్సైడు ద్రావణం సమానంగా కలిపి గాజు గొట్టంలో మరిగేదాకా వేడి చేస్తారు. రంగు మారకపోతే గర్భాశయం శుభ్రంగా ఉన్నట్టు. పసుపు తేలితే, ఆ పసుపు ఎంత ముదిరితే అంత, లోపల కంటికి కనిపించని వాపు ఉన్నట్టు. మీలాంటి కేసులో, అంటే చూడటానికి ఆరోగ్యంగా ఉండి మూడుసార్లు తిరిగిన ఆవులో, ఇది తప్పకుండా చేయించాలి. ఈనినప్పుడు మావి పడకుండా చేత్తో లాగించి ఉంటే మరీ తప్పదు. ఆ వాపు గొట్టం దాకా పాకితే నూగు కణాలు దెబ్బతింటాయి, వాటి పైనున్న చక్కెర గొలుసులూ పోతాయి. నిజంగా "అండవాహిక చక్కెర తగ్గింది" అనదగ్గ పరిస్థితి అదే, దానికి మందు వాపు తగ్గించడమే.

గొట్టం మూసుకుపోయిందా అన్నదానికి రంగు పరీక్ష ఉంది. గర్భాశయంలోకి పీఎస్‌పీ అనే రంగు ద్రావణం పోస్తారు. గొట్టం తెరిచి ఉంటే అది పొట్టలోకి జారి, రక్తంలో కలిసి, కాసేపటికి మూత్రంలో దిగుతుంది. మూత్రానికి క్షారం కలిపితే గులాబీ ఎరుపు వస్తుంది. ఒక పక్క మూసుకున్నా రెండో పక్క నుంచి రంగు రావచ్చు కాబట్టి ఎరుపు వచ్చిందని రెండూ బాగున్నాయనుకోలేం. మొదట్లోనే దీని జోలికి వెళ్ళక్కర్లేదు.

అండం ఆలస్యంగా విడుదలయ్యే ఆవులు కొన్నుంటాయి. ఎద 24 గంటలు దాటి సాగుతుంటే ఈ అనుమానం. అప్పుడు సూది వేసే వేళకే బ్యూసరెలిన్ అనే హార్మోను మందు 10 మైక్రోగ్రాములు కండకు ఇస్తే అండం విడుదల ముందుకు వస్తుంది. లేదా 12 గంటల తేడాతో రెండో స్ట్రా వేస్తారు. ఇది పశువైద్యుడు చేతితో అండాశయం చూసి నిర్ణయించాల్సింది, మెడికల్ షాపులో కొనుక్కుని చేసుకునేది కాదు.

మేతలో బెల్లం బదులు ఏం చేయాలి అంటే: వరిగడ్డి ఒక్కదానితో బతికే ఆవుకు భాస్వరం చాలదు. రోజుకు 50 గ్రాముల ఖనిజ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు, పాలను బట్టి దాణా. ఒళ్ళు ఒకటి నుంచి అయిదు కొలతలో రెండున్నర కన్నా తగ్గకూడదు: పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టేలా ఉంటే, ఎంత బాగా సూది వేసినా నిలవడం కష్టం. యూరియా చల్లిన గడ్డి, గానుగ చెక్క మరీ ఎక్కువైతే రక్తంలో యూరియా పెరిగి గర్భాశయంలోని పిండానికి గిట్టదు. ఏప్రిల్, మే నెలల్లో నీడ, రోజుకు రెండుసార్లు ఒంటి మీద నీళ్ళు పోయడం దాణా అంత ముఖ్యం.

మనుషుల సంగతి. స్త్రీ అండవాహిక 10–12 సెంటీమీటర్లు. పురుష వీర్యకణాలు అండవాహిక కణాలకు అంటుకోవడం ప్రయోగశాలలో చూశారు, కానీ ఆవు, పందుల్లో ఉన్నంత స్పష్టమైన నిల్వ చోటు మనుషుల్లో చూపించలేదు. స్త్రీలలో కణాలు గర్భాశయ ముఖద్వారం జిగురులో కూడా ఆగుతాయి. మనుషుల్లో చక్కెర పాత్ర బాగా తేలింది ఇంకోచోట. 2011లో మానవ అండం చుట్టూ ఉన్న పొర మీద సియాలిల్ లూయిస్‑ఎక్స్ అనే గొలుసు ఉందనీ, వీర్యకణం దాన్ని పట్టుకుని అతుక్కుంటుందనీ తేలింది. వీటికీ మధుమేహానికీ సంబంధం లేదు. మధుమేహం గర్భాన్ని ఇబ్బంది పెట్టే దారులు వేరు. ఎవరైనా పిల్లలు కాలేదని బాధపడుతుంటే తీపి తినమనో, మానమనో చెప్పొద్దు. 35 ఏళ్ళ లోపు ఏడాది, ఆ పైన ఆరు నెలలు ప్రయత్నించాక ఇద్దరూ కలిసి పరీక్షలకు వెళ్ళాలి, మొదట మగవాడి వీర్యపరీక్ష చవక, తేలిక. గొట్టాలకు తీసే ఎక్స్‌రే దారి తెరిచి ఉందా లేదా అనే చెబుతుంది, లోపలి గోడ ఎలా ఉందో చెప్పదు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. అండవాహిక పట్టు లేకుండా కూడా గర్భం నిలుస్తుంది. 1978లో ఇంగ్లండులో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు, 1981లో అమెరికాలో తొలి టెస్ట్‌ట్యూబ్ దూడ పుట్టాయి, గొట్టం పనిని గాజు పాత్ర చేసింది. కానీ అక్కడ వీర్యకణాలను అండం పక్కనే, సరైన నిమిషానికి, మనుషులు తెచ్చి పెట్టారు. మీ దొడ్లో ఆ సౌకర్యం లేదు. అక్కడ ఆ పని గోడ మీది చక్కెరే చేయాలి, దానికి మీరిచ్చే సాయం గంట ఒక్కటే.

మీ ఆవు 43వ రోజు అరిచిన తేదీ నుంచి లెక్కపెట్టండి. 18వ రోజు నుంచి రాత్రి పదింటికి, తెల్లారి అయిదింటికి, మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి తోక కింద చూడండి, ప్రతిసారీ పావుగంట నిలబడండి. తీగ మొదట కనిపించిన గంట గోడ మీద బొగ్గుతో రాయండి. అప్పటి నుంచి 12 గంటలకు సూది పడేలా ముందే మాట్లాడుకోండి, ఆ వేళకు రాలేమంటే సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోను చేయండి. సూది వేసే ముందు జిగురు కాస్త గాజు సీసాలో పట్టి వైట్‌సైడ్ చేయమనండి. పసుపు వస్తే ఆ సూది ఆపి, ముందు వాపుకు వైద్యం చేయించండి, తర్వాతి ఎదకు వేయించండి. రంగు రాకపోతే వేయించి, తేదీ రాసుకుని, 21వ రోజున మళ్ళీ చూడండి. తిరగకపోతే రెండు నెలలు దాటాక చేతి పరీక్ష చేయించి చూడి ఖాయం చేసుకోవాలి, తిరగలేదు కదా అని వదిలేయకూడదు. ఈసారీ 21కే తిరిగితే ఆ బొగ్గు గీతలు, జిగురు పరీక్ష ఫలితం, ఎద్దు నంబరు మూడూ ఇక్కడ రాయండి, ఎక్కడ జారిందో చూద్దాం.